పచ్చముక్కు చిలక

మా ఆయన రహీమ్‌కు ఆకాశం కనపడినంత బాగా ఇల్లు కనపడదు. ఇంట్లో ఉప్పు అయిపోయిన సంగతి తెలియదు గానీ, ఏ శాటిలైటు ఏ మూలన నిలబడి ఉందో నిద్రలో లేపి అడిగినా చెయ్యి చాపి చూపిస్తాడు. డిష్‌లు బిగించే పని ఆయనది. మా ధర్మవరం, పెనుకొండ, హిందూపురం మిద్దెల మీద తిరిగి తిరిగి, నేల మీదికి దిగాక కూడా తల పైకెత్తే నడుస్తాడు. దారిలో బర్రెలకు గుద్దుకున్న రోజులు కూడా ఉన్నాయి.

నాది తల వంచుకుని చేసే పని. పట్టుచీరల అంచులకూ కొంగులకూ బొమ్మలు కంప్యూటర్లో గీసి, గళ్ళు నింపి, మగ్గానికి చిల్లుల అట్టలు కొట్టేవాళ్ళకు ఇస్తాను. మా దగ్గర బొమ్మల చీర మగ్గం మీద బోర్లా పడుకుంటుంది. ముఖం నేలకు, వీపు నేసేవాళ్ళకు. అందుకని గీసిన ప్రతి బొమ్మనూ చివర్లో కుడి ఎడమలు తిప్పి ఇవ్వాలి. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని వీధిలో పేరు. గళ్ళు లెక్కపెడుతుంటే వచ్చి కుశలం అడిగేవాళ్ళ మీద ఎవరికి రాదు కోపం?

రెండు వేల నాలుగు ఎండాకాలంలో ఒక పొద్దున కుళ్ళాయమ్మ అలాగే వచ్చి నిలబడింది. మా వెనక వీధి నేతగాడు హనుమంతరాయుడి భార్య. నేను పెద్దమ్మా అంటాను. నోట్లో నాలుక లేని మనిషి, పని లేకుండా ఒకరి గడప తొక్కదు. నేను తల ఎత్తేదాకా ఆగి, అప్పుడు అడిగింది.

"నస్రీనమ్మా, టీవీలో పోయే బొమ్మను ఆపి నిలబెట్టేదానికి అయితాదా?"

కాదని చెప్పబోయి ఆమె ముఖం చూసి ఆగిపోయాను. కూర్చోమని నీళ్ళిచ్చాను. ఆమె గ్లాసు పట్టుకునే ఉంది, తాగలేదు. మెల్లగా, ఎవరికో కల చెప్తున్నట్టు చెప్పుకొచ్చింది.

పెనుకొండలో ఆమె చెల్లెలు నీలావతి ఇంటికి పోయిందట. ఆ ఇంటి మీద డిష్ మా ఆయన బిగించిందే. మధ్యాహ్నం తిని నడుం వాల్చి, సగం నిద్రలో టీవీ చూస్తుంటే, ఢిల్లీ వాళ్ళ సంగీతం చానెల్లో ఏదో పాతకాలం కచేరీ వస్తోంది. పాడే ఆమె చెయ్యెత్తింది. భుజం మీద కొంగు విచ్చుకుంది. అంచు పొడుగునా జరీ చిలకలు. అన్నిటికీ ఎర్రముక్కు, ఒక్కదానికి మాత్రం ఆకుపచ్చ ముక్కు. రెప్ప వేసి తెరిచేలోగా కెమెరా మృదంగం మీదికి పోయింది.

"అది మేము నేసిన చీర," అంది కుళ్ళాయమ్మ. "ఆ పచ్చముక్కు మా పాపది."

వాళ్ళకు ఒక కూతురు ఉండేదని నాకు తెలుసు. అంతకు మించి తెలియదు, ఎందుకంటే ఆ ఇంట్లో ఆ పిల్ల పేరు ఎవరూ ఎత్తరు. మిగతాది ఆ పొద్దు కుళ్ళాయమ్మే చెప్పింది. పేరు బుజ్జమ్మ. అప్పుడే బడికి పోతున్న వయసు. బడి లేనప్పుడల్లా మగ్గం కింద, నేసేవాళ్ళు కాళ్ళు దించే గుంట గట్టున వెల్లకిలా పడుకుని, పైన సాగుతున్న చీరను చూస్తూ పలక మీద బొమ్మలు గీసుకునేది. హనుమంతరాయుడు మగ్గంలో కూర్చుంటే కుళ్ళాయమ్మ ఆయన కుడిపక్కన కూర్చుని అంచుకు దారం పోసే నాడె వేసేది. ఆ చిలకల అంచు నేసేటప్పుడు తండ్రికీ కూతురికీ రోజూ ఒకటే జగడమట. పిల్ల చిలకను ఎడమకు తిప్పి గీసేది. ఆయన ఉమ్మితో తడి చేసిన వేలితో పలక తుడిచి, చిలక మీ అమ్మ తట్టు చూస్తాంది కదే పిచ్చిమొద్దా అని కుడికి తిప్పి గీసిచ్చేవాడు. పిల్ల మూతి ముడుచుకుని మళ్ళీ తుడిచి మళ్ళీ ఎడమకే గీసేది. తండ్రికి తగ్గ మొండిది.

చిలకల ముక్కులు చేత్తో దారం పెట్టి నేసేవి. ఒకరోజు ఎర్రదారం కండె అడిగితే బుజ్జమ్మ ఆకుపచ్చది అందించింది. కుళ్ళాయమ్మ చూసుకోకుండా వేసేసింది. విప్పబోతే పిల్ల చెయ్యి పట్టుకుని, విప్పొద్దు, ఆ చిలక మామిడి పిందె కొరికింది, అందుకే ముక్కు పచ్చగా ఉంది అందట. నవ్వొచ్చి అలాగే వదిలేశారు.

చీర ముగిసేలోపల బుజ్జమ్మకు జ్వరం వచ్చింది. చీర మగ్గం దిగిన రోజు వాళ్ళు ఇంట్లోనే లేరు, పిల్లతో అనంతపురం ఆసుపత్రిలో ఉన్నారు. పక్కింటి సంజీవప్ప చీర కోసి, మడిచి, సావుకారి గోవిందరాజులుకు ఇచ్చేశాడు. వాళ్ళు పిల్ల లేకుండా తిరిగొచ్చేసరికి చీర కూడా లేదు. మా ఊళ్ళో ఊరందరికీ చీరలు నేసే ఇళ్ళల్లో తాము నేసింది ఒక్కటీ మిగలదు. ఆ పిల్లకు ఫోటో తీయించలేదు. పలకను హనుమంతరాయుడు ఎవరికో ఇచ్చేశాడు. ఆ రోజు నుంచి పేరు పలకలేదు, పలికితే లేచి బయటికి పోతాడు.

"ఆయనకు చెప్తే, నీకు నిద్రమబ్బులో చిలకలు కనపడినాయిలే అన్యాడు," అంది కుళ్ళాయమ్మ. "ఆ కచేరీ మళ్ళా ఆదివారం మధ్యాన్నం వేస్తారంట. ఆపి నిలబెట్టి చూపించమ్మా. చూస్తే అన్నా దాని పేరు పలుకుతాడేమో."

నీళ్ళు తాగు పెద్దమ్మా, అని కసిరాను. నాకు ఏడుపు వచ్చినా కోపం లాగే బయటికొస్తుంది.

ఆ సాయంత్రం రహీమ్‌కు చెప్పాను. మా కేబుల్ అతను ఆ చానెల్ ఇవ్వడు. డిష్ పెట్టి మామూలు రిసీవర్ తగిలిస్తే టీవీలో వస్తుంది, కానీ ఆగదు. వీడియో క్యాసెట్‌లో పట్టి ఆపితే బొమ్మ చలిజ్వరం వచ్చినట్టు వణుకుతుంది. రహీమ్ కాసేపు పైకప్పు చూసి, కంప్యూటర్‌కు తగిలించే ట్యూనర్ ఉంటుంది, డిష్ తీగ నేరుగా కంప్యూటర్లోకే పోతుంది, వచ్చిందంతా రికార్డు చేసుకుని ఎక్కడ కావాలంటే అక్కడ ఆపుకోవచ్చు అన్నాడు. హిందూపురంలో వాళ్ళ మేనమామ కొడుకు ఇంతియాజ్ బెంగుళూరు నుంచి అలాంటివి తెప్పిస్తున్నాడట. చెప్తున్నప్పుడే ఆయన కళ్ళు వెలిగిపోయాయి. అది ఆయన ఎన్నాళ్ళ నుంచో కోరుకుంటున్న వస్తువని నాకు అప్పుడు అర్థమైంది.

శుక్రవారం నమాజు కాగానే ప్యాసింజరు బండి ఎక్కాం. పెనుకొండ దాటుతుంటే కొండ మెల్లగా తిరిగి మా వైపు చూసింది. కోట గోడల కింద ఊళ్ళో మిద్దెల మీద డిష్‌లు అన్నీ ఒకే దిక్కుకు ముఖం పెట్టి నిలబడి ఉన్నాయి. రహీమ్ కిటికీలోంచి చెయ్యి బయట పెట్టాడు, వాన పడుతోందా అని చూసేవాళ్ళలాగా.

"ఇప్పుడు కూడా పడతాండాయి నస్రీన్. పాటలు, వార్తలు, ఖురాన్ చదివే గొంతులు. ఈ బండి మీద, ఆ కొండ మీద, నీ కొంగు మీద. ఎవరినీ దుడ్డు అడక్కుండా పడతాండాయి. పట్టుకునేదానికి గిన్నె కావాల, అంతే."

నాకు నిద్ర ముంచుకొస్తోంది. ఎండలో, బండి ఊపులో, నా కొంగు మీద పాటలు పడుతున్నాయని నిజంగానే అనిపించింది. కొంగు దులపకుండా ఒళ్ళో మడిచి పెట్టుకున్నాను.

ఇంతియాజ్ అంగట్లో మూడు రకాలు చూపించాడు. మొదటిది వెండిరంగు డబ్బా, బయటి నుంచి తగిలించేది. రిమోటు ఉంది, ముందువైపు నీలం దీపం ఉంది. అది తనంతట తానే ఆకాశమంతా వెతికి, పేరు తెలియని చానెళ్ళను కూడా పట్టుకొస్తుందట. రహీమ్ దాన్ని చేతుల్లోకి తీసుకుని పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. రెండోది కంప్యూటర్ లోపల గుచ్చే చిన్న కార్డు, చవక. మూడోది కూడా లోపల గుచ్చేదే, పాతది, వెడల్పాటిది. బొమ్మను విప్పే చిప్పు దాని మీదే ఉంటుంది గానీ, రిమోటు లేదు, వెతకడం రాదు. ఏ చానెల్ కావాలో లెక్కలన్నీ మనమే రాసివ్వాలి.

ఇంతియాజ్ తన కొత్త కంప్యూటర్లో వెండిడబ్బా పెట్టి చూపించాడు. అద్దంలాంటి బొమ్మ. రహీమ్ అప్పుడే సంచి తెరుస్తున్నాడు. నేను ఆపాను. మా ఇంట్లో ఉన్నది ఇలాంటి కంప్యూటర్ కాదు కదా, నీ అంగట్లో అన్నిటికన్నా ముసలిది ఏదో తియ్యి అన్నాను. ఇంతియాజ్ నవ్వి, మూల నుంచి దుమ్ము పట్టినదాన్ని లాక్కొచ్చాడు. అది మాదానికి అక్క అవుతుంది.

దానికి వెండిడబ్బా తగిలిస్తే, ఏదో నాట్యం వస్తోంది, ఆ అమ్మాయి ఒక అడుగు వేసి, ఆలోచించి, ఇంకో అడుగు వేసింది. బొమ్మ విప్పే పనంతా కంప్యూటర్ నెత్తినే పడుతోంది, ముసలిది మొయ్యలేకపోతోంది. ఆపు అన్నాను. ఆపితే ముఖం గళ్ళు గళ్ళుగా చెదిరింది. చిన్నకార్డు పెట్టి ఆపితే, కదిలే చెయ్యి దువ్వెన పళ్ళలా చీలికలైంది. ఇంతియాజ్ ఆ చానెల్లో ఇదుంటుంది, ఈ చానెల్లో అదుంటుంది అని చెప్తూనే ఉన్నాడు. ఊరిదంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నట్టు నేను ఆపు, ఆపు అనే మాట తప్ప ఇంకోటి అనలేదు.

మూడోది గుచ్చాడు. నాట్యం అమ్మాయి తిరుగుతోంది. ఆపు అన్నాను. ఆగింది. జడకుచ్చులు గాలిలో ఉన్నాయి. ముక్కుపుడకలో రాయి, రాయిలో వెలుగు, అలాగే నిలబడ్డాయి. ముక్కుపుడక నిలబడితే చిలకముక్కు నిలబడుతుంది.

రహీమ్ వెండిడబ్బాను ఇంకా కింద పెట్టలేదు. రెండూ కొనే తాహతు మాకు లేదు, ఆ సంగతి ఇద్దరికీ తెలుసు. నీలం దీపాన్ని వేలితో ఒకసారి తాకి, డబ్బాను బల్ల మీద పెట్టాడు.

"మూడోది కట్టియ్యి ఇంతియాజ్. ఆకాశమంతా ఏం చేసుకుంటా? ఒక చిలక చాలు."

నా మొగుడి మీద నాకు ఎప్పుడూ కోపమే గానీ, ఆ మాట అన్నప్పుడు అంగట్లో అందరి ముందూ ఆయన చెయ్యి పట్టుకోవాలనిపించింది. పట్టుకోలేదు. తిరుగుబండిలో పట్టుకున్నాను.

ఆదివారం వచ్చింది. హనుమంతరాయుడు రానన్నాడు. పోయినదాన్ని పెట్టెలో చూపించే మాయలు నాకొద్దు అన్నాడట. అయితే నేను ఒక్కదాన్నే పోయి చూసుకుంటా అని కుళ్ళాయమ్మ చెప్పులు వేసుకుందట. ఆ ఒక్కదాన్నే అనే మాట ఆయన్ను లేపింది. తువ్వాలు భుజాన వేసుకుని, ఆమెకు పది అడుగులు వెనకగా వచ్చి, మా గదిలో గోడకు ఆనుకుని నిలబడ్డాడు. కుర్చీ వేస్తే కూర్చోలేదు.

ఆ పొద్దు గాలి ఎక్కువగా ఉంది. డిష్ కదిలితే బొమ్మ పోతుందని రహీమ్ మిద్దె మీదే ఉండిపోయాడు, ఎండలో డిష్‌ను రెండు చేతులా వాటేసుకుని. కిటికీలోంచి ఉండాదా అని అరుస్తాడు, ఉండాది అని నేను అరుస్తాను. ఆకాశంలోంచి రాలేది చూడాలని చచ్చేంత ఆశ ఉన్న మనిషి, ఆ రోజు దాన్ని చూడనే లేదు.

కచేరీ మొదలైంది. పాడే ఆమె కళ్ళు మూసుకుని ఏదో రాగం మొదలుపెట్టింది. మెల్లగా, ఊయల ఊపుతున్నట్టు. అన్నం వేళ గనుక వీధిలో మగ్గాలు ఆగి ఉన్నాయి, ఆ గొంతు తప్ప ఇంకో చప్పుడు లేదు. గది నీడలో తెర వెలుగు మా ముగ్గురి ముఖాల మీద నీళ్ళలా కదులుతోంది. కుళ్ళాయమ్మ ఊపిరి కూడా మెల్లగా తీసుకుంటోంది. ఆ కెమెరా పట్టుకున్నవాడికి మృదంగం వాయించేవాడు ఏమవుతాడో గానీ, ఎంతసేపూ ఆయన వేళ్ళే. వాడి చేతులు పడిపోను అని మనసులో తిట్టుకున్నాను. రికార్డు అవుతూనే ఉంది.

అప్పుడు ఆమె చెయ్యెత్తింది. కొంగు విచ్చుకుంది.

నేను ఆపాను.

చిలకలు. భుజం మీది నుంచి మోచేతి దాకా, ఒకదాని వెనక ఒకటి, మెడ వంచి చూస్తున్నాయి. జరీ వెలుగు, ఎర్రముక్కులు. కుళ్ళాయమ్మ లేచి నిలబడింది, తెర వైపు చెయ్యి చూపించింది. హనుమంతరాయుడు గోడ వదిలి వచ్చాడు. వంగి, కళ్ళు చికిలించి, చాలాసేపు చూశాడు.

"ఇది మాది గాదు," అన్నాడు. "మా చిలక కుడిపక్కకు చూస్తాది. ఇది ఎడమకు చూస్తాండాది. పాద కుళ్ళాయమ్మా."

తువ్వాలు దులుపుకుని తిరిగాడు. కుళ్ళాయమ్మ చెయ్యి అలాగే గాలిలో ఉండిపోయింది. నాకు తల నుంచి కాళ్ళ దాకా మండింది. ఇంత చేసి, ఇంత దూరం వచ్చి! అప్పుడు నా చెయ్యి, నన్ను అడక్కుండానే, రోజూ చేసే పని చేసింది. ఆపిన బొమ్మను పట్టి కుడి ఎడమలు తిప్పేసింది.

"పెద్దనాయనా, ఒక్కసారి ఇట్ల చూడు."

గడప దగ్గర వెనక్కి తిరిగాడు. చిలకలన్నీ కుడికి తిరిగి ఉన్నాయి.

ఆయన ఎట్లా వచ్చాడో, తెర ముందు నేల మీద కూలబడ్డాడు. కుడిచెయ్యి పక్కకు చాపి, అక్కడ కుళ్ళాయమ్మ కూర్చుని ఉండాలన్నట్టు తడిమాడు. ఆమె వచ్చి అక్కడే కూర్చుంది. ఇదే, ఇదే అంటున్నాడు. మగ్గం మీద చీర బోర్లా ఉంటుందని నేతగాడికి తెలియదా? తెలుసు. తెలిసింది వేరు, కళ్ళలో పాతుకున్నది వేరు. వేరే చీరలైతే మడతపెట్టేటప్పుడు ముఖం చూసుకునేవాడు. ఈ ఒక్కదాని ముఖం ఆయన ఏనాడూ చూడలేదు.

కుళ్ళాయమ్మ వేలు తెర మీద పాడే ఆమె మోచేతి దగ్గర ఆగింది. మడతలో సగం దాక్కుని, పచ్చముక్కు. నేను దాన్ని పెద్దది చేశాను. తెర నిండా ఒక్క చిలక, మామిడి పిందె కొరికిన ముక్కు.

మిద్దె మీద నుంచి ఉండాదా అని రహీమ్ అరిచాడు. హనుమంతరాయుడు చూపుడువేలు నాలిక్కి అద్దుకుని, తెర అద్దం మీద చిలక మెడ వెంబడి గీస్తూ గీస్తూ, ఉన్నట్టుండి ఆగిపోయాడు. నా వైపు తిరిగాడు. ఆ వేలు అలాగే అద్దం మీద ఉంది.

"నువ్వు తిప్పకముందు ఎట్లున్నింది? అదేనా చీర ముఖం?"

అవును పెద్దనాయనా, చీర కట్టుకున్నవాళ్ళకు, చూసేవాళ్ళకు అట్లే కనపడుతుంది, నీకు కనపడింది వీపు అన్నాను.

ఆయన కుళ్ళాయమ్మ వైపు చూశాడు.

"అది కింద పండుకోని చూసేది కదే. అది చూసిందే ముఖం. సరిగ్గానే గీసేది. నేను తుడిచేస్తాంటి."

కుళ్ళాయమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. ఆయన అద్దం మీది తడిగీతను తువ్వాలుతో తుడవబోయి, తుడవకుండా చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"మళ్ళా తిప్పమ్మా," అన్నాడు. "బుజ్జమ్మ గీసినట్లే ఉండనీ."

తిప్పాను. చిలక ఎడమకు తిరిగింది.